ముందు సందు, తర్వాతే పలక

చిన్న చిన్న పలకలు (టైల్ ముక్కలు) పేర్చి బొమ్మ కట్టేదే మొజాయిక్. తెర మీద చూస్తే కళ్లు తిప్పుకోనివ్వని మొజాయిక్ డిజైను గోడ మీదికి ఎక్కాక వెలవెలబోతుంది. కడపలోనో అనంతపురంలోనో కంప్యూటర్‌లో గీయించి పూజగది గోడకు వేయించిన తామరపువ్వు దగ్గర నుంచి ఎర్రగానే ఉంటుంది, హాల్లో కూర్చుని చూస్తే మాత్రం పాలిపోయిన గులాబీ రంగులోకి దిగిపోతుంది. గుడి ఆర్చి మీది నెమలికి మెడ ఒంపు పోయి గళ్లు మిగులుతాయి. రంగులు చాల్లేదేమో అనుకుని ఇంకా ముదురు ఎరుపు, ఇంకా చిక్కని నీలం పెట్టి చూస్తారు. అయినా పెద్ద తేడా రాదు. లోపం పలకలో ఉంటే కదా పలకను మారిస్తే పోవడానికి? అది పలకకూ పలకకూ మధ్య వదిలిన సందులో ఉంది.

డిజిటల్ పెయింటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొజాయిక్ గీసేవాళ్లలో చాలామంది ముందు పలకలన్నీ గీస్తారు, రంగులు నింపుతారు, ఆఖరున అడుగున ఒక లేయర్ (పొర) పెట్టి తెలుపో బూడిదో పోసి దాన్ని గ్రౌటు, అంటే సందులు నింపే పూత, అంటారు. ఈ వరస తిరగబడాలి. సందు ఎంత వెడల్పు, ఏ రంగు, ఏ దారిన నడుస్తుంది అన్న మూడు సంగతులు ముందు తేలితేనే పలక ఆకారమూ పలక రంగూ కుదురుతాయి. కింద చెప్పే పనంతా ప్రధానంగా క్రిటా, గింప్ అనే రెండు సాఫ్ట్‌వేర్లలో చేయదగ్గది. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్సు. విద్యార్థులు ఫోన్‌లోనే వాడుకునే ఐబిస్ పెయింట్‌లో కూడా అద్దంలా తిప్పే రూలర్, వరసగా పేర్చే రూలర్ ఉన్నాయి కాబట్టి సూత్రాలు అక్కడా పనికొస్తాయి.

చుక్కల లెక్క

సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు వేసేవాళ్లకు ఈ పనిలో సగం ముందే వచ్చు. చుక్కలు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. సరి చుక్కల్లో పై వరస చుక్కకు సూటిగా కిందే రెండో వరస చుక్క పడుతుంది. సందు చుక్కల్లో పై వరసలోని రెండు చుక్కల నడుమకు కింది వరస చుక్క వస్తుంది. నడి వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 8 దగ్గర ఆపే ముగ్గు ఈ రకానిదే. ఇప్పుడు ప్రతి చుక్కకూ కొంత నేల పంచిపెట్టాలనుకుందాం. ఏ చోటు ఏ చుక్కకు దగ్గరైతే ఆ చోటు ఆ చుక్కది. సరి చుక్కలకు ఇలా పంచితే చదరాలు వస్తాయి. సందు చుక్కలకు పంచితే ఆరు మూలల పలకలు వస్తాయి. చుక్కలను చేతికొచ్చినట్టు చల్లి పంచితే, పగిలిన పెంకుల్ని ఏరి అతికించే గచ్చులో కనిపించే వంకర ముక్కలు వస్తాయి. గణితంలో ఈ పంపకానికి వొరొనోయ్ పేరు పెట్టారు. పలక ఆకారం కోసం తంటాలు పడాల్సిన పని లేదన్నది ఇందులో పట్టుకోవాల్సిన విషయం. చుక్కలు ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటే సరిహద్దులు, అంటే సందులు, వాటంతటవే పుడతాయి.

భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉండే ఒకే ఆకారంతో, మూలకు మూల కలుపుతూ నేలంతా కప్పాలంటే దారులు మూడే: సమబాహు త్రిభుజం, చతురస్రం, షడ్భుజం. ఒక మూల చుట్టూ 360 డిగ్రీలు నిండాలి. త్రిభుజం కోణం 60, చతురస్రం కోణం 90, షడ్భుజం కోణం 120. ఇవి 360ని శేషం లేకుండా భాగిస్తాయి. పంచభుజి కోణం 108. మూడు పెడితే ఖాళీ మిగులుతుంది, నాలుగు పట్టవు. రెండు మూడు ఆకారాలను కలుపుతూ, ప్రతి మూల దగ్గరా ఒకే అమరిక ఉండాలంటే ఇంకో 8 అల్లికలు దొరుకుతాయి. అష్టభుజాల నడుమ బుల్లి చదరాలు కూర్చే పాతకాలపు గచ్చు డిజైను వాటిలో ఒకటి. ఇక బొమ్మను జరపడం, తిప్పడం, అద్దంలో చూపడం అనే పద్ధతుల్లో ఎన్ని రకాలుగా నేలంతా పరచవచ్చో లెక్క తీస్తే సరిగ్గా 17 వస్తాయని రష్యన్ శాస్త్రవేత్త ఫ్యోదొరొవ్ 1891లో నిరూపించాడు. ఈ లెక్కను కాగితం మీద చదివినదానికన్నా లేపాక్షి వీరభద్రాలయంలో లతామంటపం స్తంభాల ముందు నిలబడితే బాగా అర్థమవుతుంది. చీరల అంచులకు ఎక్కిన ఆ చెక్కడాల్లో ఒక్కొక్కదానికీ ‘మళ్లీ మళ్లీ వచ్చే ముక్క ఏది, అది జరిగిందా, తిరిగిందా, అద్దంలో పడిందా’ అని వెతికి, ఆ ఒక్క ముక్కనే గీసి చూడటం మొజాయిక్ నేర్చుకునేవాళ్లకు మంచి సాధన.

షడ్భుజాల అల్లిక దగ్గర కంప్యూటర్ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అతుకు కనిపించకుండా పునరావృతమయ్యే ముక్క కావాలంటే, నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు, సరిగ్గా నడిమధ్యన ఒక చుక్క ఉండే దీర్ఘచతురస్రం తీసుకోవాలి. దాని ఎత్తు, వెడల్పుకు మూడు వర్గమూలం రెట్లు, అంటే సుమారు 1.732 రెట్లు ఉండాలి. పిక్సెళ్లు పూర్ణసంఖ్యలు కాబట్టి ఈ నిష్పత్తి ఎప్పుడూ అచ్చంగా కుదరదు. 560 పిక్సెళ్ల వెడల్పు, 970 పిక్సెళ్ల ఎత్తు పెడితే నిష్పత్తి 1.7321 వస్తుంది, తేడా కంటికి ఆనదు. చదరపు కాన్వాసు తీసుకుని అందులో షడ్భుజాలను ఇరికించేవాళ్లకు ఒక అంచున సందు లావుగా, ఇంకో అంచున సన్నగా వస్తుంది. పది సార్లు పునరావృతమయ్యేసరికి ఆ లావు సందు గోడంతా నిలువు గీతగా తేలుతుంది.

క్రిటాలో డబ్ల్యూ కీ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది. కాన్వాసు నాలుగు వైపులా తనను తానే పునరావృతం చేసుకుంటూ కనిపిస్తుంది. కుడి అంచు దాటిన గీత ఎడమ అంచు నుంచి లోపలికి వస్తుంది. అతుకు పని ఇక వేరే చేయనక్కర్లేదు. గింప్‌లో అదే ఫలితం కోసం లేయర్ మెనూలో ఆఫ్‌సెట్ తీసుకుని వెడల్పులో సగం, ఎత్తులో సగం జరపాలి. అంచులు నడిమధ్యకు వచ్చి అతుకు కళ్లకు కడుతుంది, దాన్ని సరిచేసి మళ్లీ జరపాలి. ఎప్పటికీ పునరావృతం కాని పెన్‌రోజ్ అల్లికలు కావాలంటే క్రిటాలోని మల్టీగ్రిడ్ ఫిల్ లేయర్ గీసిపెడుతుంది. అందంగానే ఉంటాయి గానీ, కట్ చేసి పరిచే మేస్త్రికి అవి పెద్ద పరీక్ష.

కొలత సంగతి ఇక్కడే తేలిపోవాలి. డిజైను మొత్తం 600 మిల్లీమీటర్ల చదరమైతే, దాన్ని అంగుళానికి 150 పిక్సెళ్ల లెక్కన గీస్తే ఒక్కో వైపు 3543 పిక్సెళ్లు వస్తాయి. ఆ లెక్కలో 2 మిల్లీమీటర్ల సందు 12 పిక్సెళ్లు. అంటే సరిహద్దు గీతను 12 పిక్సెళ్ల మందంతో గీయాలి, ప్రతి పలకా తన వైపు 6 పిక్సెళ్లు వెనక్కి తగ్గుతుంది. ఈ అంకె ముందు రాసుకోకుండా ‘చూడ్డానికి బాగుంది’ అని సందు గీస్తే, ముద్రణ దగ్గర అది వెంట్రుకంత సన్నగానో వేలెడంత లావుగానో తేలుతుంది.

వరసల నడక

గింప్‌లో డిస్టార్ట్స్ మెనూ కింద మొజాయిక్ ఫిల్టర్ ఉంది. ఫొటో పెట్టి నొక్కితే క్షణంలో పలకలైపోతుంది. ఆకారం చతురస్రమా, షడ్భుజమా, అష్టభుజమూ చదరమూ కలిసిందా, త్రిభుజమా అని అడుగుతుంది. పలక పరిమాణం, ఎత్తు, సందు, పొందిక, రంగు తేడా, వెలుగు దిక్కు విడివిడిగా మార్చుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 నుంచి ఫిల్టర్లు లేయర్ మీద చెరగకుండా నిలిచి ఉంటాయి కాబట్టి సందు వెడల్పు రేపు మార్చినా ఇబ్బంది లేదు. ఆకాశం, నీళ్లు, నేల లాంటి వెనకతలానికి ఈ ఫిల్టర్ నిజంగా బాగా పనికొస్తుంది.

ముఖానికి మాత్రం పనికిరాదు. ఫిల్టర్‌కు పలకలు ఎక్కడున్నాయో తెలుసు, బొమ్మ ఎటు వంగుతోందో తెలియదు. కనుబొమ్మ ఒంపు తిరిగే చోట కూడా గళ్లు అడ్డంగా నిలువుగా సాగిపోతాయి. రోమన్ల కాలం నుంచి రాతి ముక్కలు పేర్చినవాళ్లు ఇలా చేయలేదు. బొమ్మ అంచును పట్టుకుని మొదటి వరస పేర్చేవారు, దాని వెంబడే రెండో వరస నడిపేవారు. ఆకారం బయట కూడా ఒకటి రెండు వరసలు అంచును చుట్టి వచ్చాకే వెనకతలం తన దారిన తాను అడ్డ వరసల్లోకి దిగేది. ఇటాలియన్ కళాకారులు ఈ వరసల నడకను ‘అందమెంతో’ (andamento) అంటారు. దూరం నుంచి చూసేవారికి ఒక్కో పలక కనబడదు, సందులు కలిసి ఏర్పడే గీతలే కనబడతాయి. చెంప గుండ్రదనం, చీర కుచ్చిళ్ల జారుడు, నెమలి మెడ ఒంపు అన్నీ ఆ గీతలు చెప్పేవే. 2001లో అలెహో హౌస్నర్ కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద జరిగే సిగ్‌గ్రాఫ్ సదస్సులో ప్రచురించిన పరిశోధన ఈ సమస్యనే తీసుకుంది. పైన చెప్పిన వొరొనోయ్ పంపకానికే బొమ్మ అంచుల దిక్కును కూడా జోడించి, చదరపు పలకలు అంచుల వెంబడి తిరిగేలా చేసింది. మామూలు ఫిల్టర్లలో ఆ తెలివి లేదు, అందుకే ముఖం దగ్గర చెయ్యి కావాలి.

చేతి పనికి క్రిటాలో తేలికైన దారి బ్రష్‌ను పలకగా మార్చడం. చతురస్రపు కొన ఉన్న బ్రష్ తీసుకోవాలి. స్పేసింగ్‌ను 1.2 చేస్తే పది వంతుల పలక, రెండు వంతుల సందు పడతాయి. రొటేషన్‌కు డ్రాయింగ్ యాంగిల్ సెన్సర్ తగిలిస్తే గీత ఎటు తిరిగితే పలక అటు తిరుగుతుంది. ఒక్క గీతతో వరసంతా పరుచుకుంటుంది. ఒంపు మరీ ఇరుకైన చోట లోపలి వైపు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రాతి పనిలో అక్కడ ముక్కను పట్టుకారుతో కొరికి ఒక వైపు సన్నం చేస్తారు. తెర మీద అయితే బ్రష్ పరిమాణం తగ్గించాలి, లేదా ఆ నాలుగు పలకల్ని చేత్తో దిద్దాలి. దిద్దితేనే బాగుంటుంది. కోరెల్ పెయింటర్‌లో మొజాయిక్ కోసమే వేరే పనిముట్టు ఉంది. పలక పొడవు, వెడల్పు, కోత, గ్రౌటు రంగు అందులోనే అమర్చుకోవచ్చు. దానికి డబ్బు పెట్టాలి.

లేపాక్షి పైకప్పు చిత్రాలను ఈ పద్ధతిలో సాధన చేయడం మంచిదని చెప్పడానికి కారణముంది. ఆ బొమ్మల్లో ఎర్రని కావి నేల, నల్లని కొలత తప్పని అంచు గీత, పక్కకు తిరిగిన ముఖాలు, చీరల మీద గళ్లూ పూలూ ఉంటాయి. వెలుగునీడల మెత్తదనం మీద కాకుండా గీత మీద నిలబడిన చిత్రాలు అవి. అంచు గీత ఎటు పోతోందో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి మొదటి వరస ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహమే రాదు. ఫొటోను మొజాయిక్ చేయబోయేవాళ్లు ముందు అలాంటి గీత బొమ్మగా మార్చుకోవడం అవసరం.

రంగు దగ్గర జరిగే మోసం

మళ్లీ పూజగది తామరపువ్వు దగ్గరికి వద్దాం. 10 మిల్లీమీటర్ల ముక్కలు, 2 మిల్లీమీటర్ల సందు అనుకుందాం. ఒక ముక్కకూ దాని వాటా సందుకూ కలిపి 12కి 12, అంటే 144 చదరపు మిల్లీమీటర్లు. అందులో ముక్క వాటా 100. గోడలో దాదాపు 31 శాతం సందే! అదే 20 మిల్లీమీటర్ల ముక్కలైతే సందు వాటా 17 శాతానికి పడిపోతుంది. 600 మిల్లీమీటర్ల పెద్ద పలకకు ఒక్క శాతం కూడా ఉండదు. నేలకు వేసే పెద్ద టైల్స్ అలవాటుతో ‘గ్రౌటు ఏదైతే ఏముంది’ అనేవాళ్ల మాట అక్కడికి నిజమే. చిన్న ముక్కల పనిలో గ్రౌటు మూడో వంతు రంగు, దాన్ని ఆఖరున ఎంచుకోవడం అంటే చిత్రంలో మూడో వంతును చూడకుండా వదిలేయడం.

మామూలు కంటిచూపు డిగ్రీలో అరవయ్యో వంతు వరకు విడదీసి చూడగలదు. ఆ లెక్కన 2 మిల్లీమీటర్ల సందు సుమారు 7 మీటర్ల దూరంలో పలకలో కలిసిపోవడం మొదలవుతుంది. నలుపు తెలుపుల తేడా ఎక్కువగా ఉంటే ఇంకొంచెం దూరం వరకు గీతగా నిలుస్తుంది. కలిసిపోయాక కంటికి అందేది పలక రంగూ సందు రంగూ కలిసిన సగటు. ఈ సగటు తీసేటప్పుడు తెర మీది రంగు అంకెల్ని (ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు) నేరుగా కలిపి భాగిస్తే తప్పు వస్తుంది. ఆ అంకెలు వెలుగుకు సమానుపాతంలో ఉండవు. నలుపూ తెలుపూ చెరిసగం కలిసిన గళ్లను దూరం నుంచి చూస్తే కనిపించే బూడిదరంగు 128 కాదు, 188 దగ్గర ఉంటుంది. అందుకే అంకెల్ని ముందు అసలు వెలుగు మోతాదులోకి (లీనియర్) మార్చి లెక్క చేయాలి.

అలా చేసి చూద్దాం. ఇటుక ఎరుపు పలక, ఎరుపు 150, ఆకుపచ్చ 60, నీలం 40. సందులో తెల్ల సిమెంటు, 235, 235, 230. పది మిల్లీమీటర్ల ముక్కకు రెండు మిల్లీమీటర్ల సందు వాటాలో కలిపితే సుమారు 182, 146, 139 వస్తుంది. అది ఇటుక ఎరుపు కానే కాదు, దుమ్ము పట్టిన గులాబీ. తామరపువ్వు పాలిపోయింది ఇందుకే. పలక ఎరుపును ఎంత ముదురు చేసినా మూడో వంతు తెలుపు దాన్ని లాగేస్తూనే ఉంటుంది. తెల్ల సిమెంటు తీసేసి కడప నల్లబండ పొడి లాంటి 70, 72, 74 బూడిద పెడితే సగటు 132, 64, 53 దగ్గర నిలుస్తుంది. ఎరుపు ఎరుపుగానే, కొంచెం బరువుగా మిగులుతుంది. పలకను ముట్టుకోకుండా సందు ఒక్కటి మార్చితే వచ్చిన తేడా ఇది.

లెక్కకు తోడు కంటి స్వభావం కూడా ఉంది. సన్నని గీతలు అల్లుకున్న చోట పక్క రంగు ఆ గీత వైపుకు జరిగినట్టు కనిపిస్తుంది: నల్ల గీతల నడుమ ఎరుపు ముదురుగా, తెల్ల గీతల నడుమ అదే ఎరుపు లేతగా. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ ఫాన్ బెజోల్డ్ దీన్ని గమనించాడు. అల్లికలో ఒక్క రంగు మార్చితే అల్లికంతా మారినట్టు కనబడుతుందన్నది ఆయన పేరుతో నిలిచింది. పెద్ద విస్తీర్ణాల్లో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. పారిస్‌లోని గొబెలిన్స్ నేతశాలలో రంగుల పని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లో చెప్పినట్టు, పక్కపక్కనున్న రంగులు ఒకదాని తేడాను ఒకటి పెంచుతాయి. నలుపు పక్కన ఎరుపు మరింత వెలుగుతుంది. అందుకే ఒకే నల్ల సందు చిన్న ముక్కల మొజాయిక్‌లో దూరం నుంచి రంగును మసకబారుస్తుంది, పెద్ద ముక్కల అద్దాల కిటికీలో రంగును మండిస్తుంది. ‘నల్ల గ్రౌటు మంచిదా, తెల్ల గ్రౌటు మంచిదా’ అన్న ప్రశ్నకు ముక్క కొలతా, చూసే దూరమూ చెప్పకుండా జవాబు లేదు.

తెర మీద దీన్ని పరీక్షించే పద్ధతి ఒకటే. గ్రౌటు లేయర్‌ను విడిగా పెట్టాలి. నాలుగు గ్రౌటు రంగులకు నాలుగు లేయర్లు చేసి, ఒక్కొక్కటే వెలిగిస్తూ బొమ్మను బాగా చిన్నది చేసి చూడాలి. దగ్గరగా పెట్టుకుని రంగు ఎంచుకోవడం చీర మడత చూసి చీర కొనడమే.

పలకలకు రంగు నింపడంలో చేతి కష్టం ఎక్కువ, చిక్కు తక్కువ. సందు గీతల లేయర్ ఒకటి, రంగుల లేయర్ దాని కింద. క్రిటాలో ఫిల్ టూల్‌కు అన్ని లేయర్లనూ చూసి రంగుల లేయర్‌లో నింపమని చెప్పవచ్చు. గీత అంచు మెత్తగా ఉంటే పలకకూ గీతకూ మధ్య తెల్లని పొర మిగులుతుంది. గ్రో సెలెక్షన్‌ను 2 పిక్సెళ్లు చేస్తే రంగు గీత కిందికి జారి ఆ పొర పోతుంది. లేదంటే గీతలను యాంటీ ఏలియాసింగ్ (అంచును మెత్తబరచడం) లేని బ్రష్‌తోనే గీయాలి. వందల పలకలుంటే ఎన్‌క్లోజ్ అండ్ ఫిల్ టూల్‌తో చుట్టూ ఒక గీత గీసి లోపలి పలకలన్నిటినీ ఒకేసారి నింపవచ్చు. కలరైజ్ మాస్క్ ఇంకా సులువు; అక్కడక్కడ రంగు గీటు పెడితే మిగతాది అదే పంచుకుంటుంది, గీతలో చిన్న తెగుళ్లున్నా పట్టించుకోదు.

అన్ని పలకలకూ ఒకే ఎరుపు పోస్తే అది మొజాయిక్ కాదు, గీతలు గీసిన ఎరుపు. అసలు రాయిలో ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. తేడా ఎందులో పెట్టాలన్నది తెలియాలి. హ్యూలో, అంటే రంగు జాతిలో, తేడా మూడు నాలుగు డిగ్రీలు దాటితే ఎరుపులో నారింజ, ఊదా మచ్చలు తేలి గందరగోళంగా ఉంటుంది. వాల్యూలో, అంటే వెలుగు మోతాదులో, ఎనిమిది పది శాతం తేడా మాత్రం కళ్లకు రాయిలాగే అనిపిస్తుంది. శాచురేషన్, అంటే రంగు చిక్కదనం, ఈ రెంటికీ మధ్యన. క్రిటా బ్రష్‌లో హ్యూ, శాచురేషన్, వాల్యూలకు విడివిడిగా ఫజీ డ్యాబ్ సెన్సర్ తగిలిస్తే పలక పలకకూ రంగు తనంతట మారుతుంది. ఈ అంకెలు గీసి గీసి కుదుర్చుకోవాల్సినవే, శాసనాలు కావు.

సీమ నేల నుంచే రంగుల పళ్లెం కూర్చుకోవచ్చు. అనంతపురం వైపు ఎర్రమట్టి, కర్నూలు వైపు నల్లరేగడి, బేతంచెర్ల నాపరాయి బూడిద, కడప నల్లబండ, గోడ సున్నపు తెలుపు. ఐదూ మట్టి పుట్టుక రంగులు కాబట్టి ఒకదాంతో ఒకటి కొట్లాడవు. వాటి నడుమ ఒక్క పసుపో ఒక్క పచ్చో పెడితే అదే చాలా పలుకుతుంది. బండ ఫొటో తీసి రంగు పట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పాలిష్ పట్టని నల్లబండ బూడిదగా ఉంటుంది, పాలిష్ పట్టినా నీళ్లు పోసినా నల్లబడుతుంది. గరుకు ముఖం వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టి తెల్లదనం కలుపుతుంది, నునుపు చేస్తే ఆ చెదురు పోతుంది. ఎండలో తీసిన ఎండు బండ ఫొటో నుంచి రంగు పట్టి డిజైను చేసి, పాలిష్ బండలతో పరిస్తే లెక్కలన్నీ తప్పుతాయి. పరిచే తీరులో ఉన్న బండనే ఫొటో తీయాలి.

వెలుగు, పునరావృతం

పలకకు ఎత్తు ఉన్నట్టు చూపించే బెవెల్ (వాలు అంచు), నీడ ఎఫెక్టులు సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఉన్నాయి, వాటి వాడకం ఎక్కువైపోయింది. ముద్రించే డిజైనుకు నీడ గీస్తే, గదిలో దీపం వేరే వైపు ఉన్నప్పుడు ఆ నీడ అబద్ధంగా నిలబడుతుంది. నిజం ముక్కలతో పరిచే డిజైనుకు నీడే అక్కర్లేదు, గోడే ఇస్తుంది. తెర మీదనే ఉండిపోయే బొమ్మకు మాత్రం వెలుగు ఒకే దిక్కు నుంచి, తక్కువ మోతాదులో పెట్టాలి. బైజాంటిన్ కళాకారులు గాజు ముక్కల్ని కొద్దికొద్దిగా వేర్వేరు కోణాల్లో వంచి అతికేవారు, మనిషి నడుస్తుంటే గోడ మిలమిలలాడేది. ఆ మెరుపును తెర మీద అనుకరించాలంటే అన్ని పలకలకూ ఒకే నీడ పెట్టడం కన్నా, అక్కడక్కడ ఒక పలకను ఉన్నట్టుండి రెండు మెట్లు వెలిగించడం మేలు.

పునరావృతమయ్యే ముక్కలో ఇదే పని ప్రమాదం. ఒక్క పలక మిగతావాటికన్నా బాగా వెలిగితే, గోడంతా పరిచాక ఆ పలక సమాన దూరాల్లో చుక్కల వరసగా తేలి, చూపు దాన్ని తప్ప ఇంకేదీ చూడదు. ర్యాప్ అరౌండ్ మోడ్‌లో బొమ్మను దూరం చేసి చూస్తే ఏ పలక అరుస్తోందో వెంటనే దొరుకుతుంది. దాన్ని తగ్గించాలి, లేదా పునరావృతమయ్యే ముక్కనే పెద్దది చేసి అలాంటి పలకలు పదో పదిహేనో అడ్డదిడ్డంగా చల్లాలి.

పని మేస్త్రి చేతికి

ఫైలు పంపే దగ్గర కూడా మొదట దెబ్బతినేది సందే. జేపెగ్ ఫైళ్లు సాధారణంగా వెలుగును పూర్తి వివరంతో, రంగును సగం వివరంతో దాచుకుంటాయి. ఒకటి రెండు పిక్సెళ్ల రంగు సందు పక్క పలకలోకి చిమ్ముతుంది. ఫోన్‌లో ఫొటోగా పంపితే ఇంకా కుదించుకుపోతుంది. పీఎన్‌జీ చేసి, ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. ముద్రణకు వెళ్లేదైతే సీఎంవైకేలో, అంటే ముద్రణ వాడే నాలుగు సిరాల పద్ధతిలో, నీలాలు, పచ్చలు తెర మీదున్నంత మెరవవు. క్రిటాలో ఆ రంగుల పద్ధతిలోనే పని చేసుకోవచ్చు. అయినా పూర్తి గోడకు ముందు ఒక అడుగు కొలత ముక్క ముద్రించి, గ్రౌటు నింపి, ఆ గదిలోనే, ఆ దీపం కిందే చూడటం తప్పనిసరి.

ముక్కలు కోసి పరిచే పనికైతే మేస్త్రికి రంగు బొమ్మ ఒక్కటే ఇస్తే చాలదు. సందు గీతల లేయర్‌ను తెలుపు మీద నలుపుగా, అసలు కొలతలో, కాగితాల మీద ముద్రించి అతికించి ఇవ్వాలి. ప్రతి పలక నడుమా రంగుకు ఒక అంకె ఉండాలి: ఎర్రమట్టి 1, నాపరాయి బూడిద 2, నల్లబండ 3, ఇలా. ఒక్కో అంకెకు ఎన్ని ముక్కలు, ఎన్ని చదరపు అడుగులు పడతాయో కింద రాయాలి. ఒకే రంగు పలకల్ని గింప్‌లో సెలెక్ట్ బై కలర్ టూల్‌తో పట్టుకుని హిస్టోగ్రామ్ తెరిస్తే పిక్సెళ్ల లెక్క వస్తుంది, దాన్నుంచి విస్తీర్ణం తీయవచ్చు. ఇందుకోసం రంగు తేడాలు చల్లని లేయర్ ఒకటి, చదునైన రంగులతో, మొదటి నుంచీ విడిగా దాచి ఉంచుకోవాలి. కోత చక్రం తన మందం మేర రాయిని తినేస్తుంది కాబట్టి, ముక్క కొలత గీత లోపలి అంచుదా, నడిమిదా అన్నది ఆ కాగితం మీదే రాసి ఉండాలి. లోపలి అంచు అని రాసి, చక్రాన్ని ఆ అంచుకు బయటి వైపు నడపమంటే, గీసిన 12 పిక్సెళ్ల సందు గోడ మీద 2 మిల్లీమీటర్లుగానే దిగుతుంది.